లేబుల్ మీద లేని సంగతులు: ప్రయోగశాలలో రీకాంబినెంట్ మానవ ప్రోటీన్లు

(బయోటెక్నాలజీ, బయోకెమిస్ట్రీ పీజీ విద్యార్థులకూ, కొత్తగా పీహెచ్‌డీలో చేరినవారికీ హైదరాబాద్‌లో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో ఉన్నవాళ్లకు వినబడుతోందా? వినబడకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడొద్దు.

మీలో చాలామంది ఈపాటికి ఒక చిన్న ట్యూబు చేతిలోకి తీసుకునే ఉంటారు. అడుగున పది మైక్రోగ్రాముల పొడి. ఉందో లేదో కూడా కంటికి ఆనదు. పైన లేబుల్ మీద ‘రీకాంబినెంట్ హ్యూమన్’ అని రాసి, పక్కన ఒక ప్రోటీన్ పేరు. మనిషి జన్యువును వేరే కణంలో పెట్టి, దానితో తయారు చేయించిన ప్రోటీన్ అని దానర్థం. ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. సరే, ఆ ట్యూబులో ఉన్నదేమిటి? లేబుల్ మీద ఉన్న ఆ పేరేనా?

ఈ పూట నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. ఆ పేరు సగం సంగతే చెబుతుంది. ఆ ప్రోటీన్ ఏ కణంలో తయారైంది, ఎలా శుద్ధి చేశారు, దాని వెంట ఇంకేం వచ్చింది, మీ చేతికి వచ్చాక మీరు దాన్ని ఎలా చూసుకున్నారు, ఇవన్నీ తెలిస్తేనే మిగతా సగం తెలిసినట్టు. ఆ మిగతా సగం తెలియకుండా ఫలితాన్ని నమ్మకండి. మళ్లీ చెబుతున్నాను, నమ్మకండి.

కొంచెం వెనక్కి వెళ్దాం. మనిషి హార్మోన్‌ను బ్యాక్టీరియాతో తయారు చేయించవచ్చని మొట్టమొదట రుజువైంది 1977లో. ఆ హార్మోన్ సొమాటోస్టాటిన్. చాలా చిన్నది, 14 అమైనో ఆమ్లాలే. కాలిఫోర్నియాలో హెర్బర్ట్ బోయర్, కెయిచి ఇటాకురా, ఆర్థర్ రిగ్స్, వాళ్ల సహచరులు చేశారు. అంతకు కొన్నేళ్ల ముందు ఇదే హార్మోన్‌ను మొదటిసారి వేరు చేసినప్పుడు లక్షల గొర్రెల మెదళ్లు సేకరించాల్సి వచ్చింది. అంత చేస్తే దొరికింది మిల్లీగ్రాముల్లో. అలాంటిది కొన్ని లీటర్ల కల్చర్‌లో అదే వచ్చేసిందంటే ఆ రోజుల్లో ఎంత సంచలనమో ఊహించండి.

కానీ ఆ కథలో నాకు బాగా నచ్చేది వేరే ఉంది. మొదటి ప్రయత్నంలో వాళ్లకు హార్మోన్ కనబడలేదు. ఎందుకు? అంత చిన్న పరాయి పెప్టైడ్‌ను బ్యాక్టీరియా తన ప్రోటియేజ్‌లతో, అంటే ప్రోటీన్లను కోసే ఎంజైమ్‌లతో, ముక్కలు చేసి పారేసింది. అప్పుడు ఏం చేశారంటే, బీటా గెలాక్టోసిడేజ్ అనే పెద్ద ప్రోటీన్‌కు దీన్ని తోకలా తగిలించారు. మధ్యలో ఒక మెథియోనిన్ పెట్టారు. తర్వాత సయనోజెన్ బ్రోమైడ్‌తో ఆ మెథియోనిన్ దగ్గర తెంచారు. సొమాటోస్టాటిన్‌లో మెథియోనిన్ అసలు లేదు, కాబట్టి దానికేమీ కాలేదు. ఇవాళ మీరు ఎంబీపీ, సుమో అనే సహాయక ప్రోటీన్లను తగిలించి చేసే ఫ్యూజన్లు, తర్వాత టెవ్ ప్రోటియేజ్‌తో వాటిని తెంచడం, వీటన్నిటి వెనక ఉన్న ఆలోచన అదే. మరుసటి ఏడాది, 1978లో, ఇన్సులిన్. 21 అమైనో ఆమ్లాల గొలుసొకటి, 30 అమైనో ఆమ్లాల గొలుసొకటి, రెండూ వేరువేరు బ్యాక్టీరియాల్లో చేసి తర్వాత కలిపారు. 1982లో అమెరికాలో అది మందుగా అనుమతి పొందింది.

మన ఊరి సంగతి కూడా ఒకటి చెప్పాలి. 1997లో ఇక్కడి శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్ బి టీకా తెచ్చింది. మన దేశంలో తయారైన తొలి రీకాంబినెంట్ టీకా అది. అందులో ఉన్నది మనిషి ప్రోటీన్ కాదు, వైరస్ ప్రోటీన్. అయినా ఎందుకు చెబుతున్నానంటే, దాన్ని ల్యాబ్‌లలో మామూలుగా వాడే ఇ. కోలి బ్యాక్టీరియాలో చేయలేదు, పికియా అనే ఈస్ట్‌లో చేశారు. ఆ ప్రోటీన్ కొవ్వు పదార్థాలతో కలిసి చిన్న కణికల్లాగా కూడుకుంటేనే టీకాగా బాగా పనిచేస్తుంది. ఈస్ట్‌లో అయితే అలా కూడుకునే వీలుంది. ఇ. కోలిలో అది సరిగ్గా కుదరదు. అంటే ఏ కణంలో చేయాలన్న ప్రశ్న మొదటి రోజే వేసుకోవాలి. ఆర్డర్ పెట్టే రోజు కాదు, మొదటి రోజే.

సరే, ఇ. కోలి దగ్గరకే వద్దాం. మీలో ఎక్కువమంది చేసేది అదే కదా. బీఎల్21 డీఈ3 రకం బ్యాక్టీరియా, మీ జన్యువును దానిలోకి మోసుకెళ్లే పెట్ వెక్టర్ డీఎన్‌ఏ. టీ7 అనే ఫేజ్ వైరస్ తన జన్యువులను చదివించుకోవడానికి వాడే పాలిమరేజ్‌ను ఇందులో పెట్టారు. ఐపీటీజీ అనే రసాయనం వేయగానే ఆ పాలిమరేజ్ తయారవుతుంది, అది మీ జన్యువును విపరీతమైన వేగంతో చదివేస్తుంది. బీఎల్21లో లాన్, ఓంప్‌టీ అనే రెండు ప్రోటియేజ్‌లు ఉండవు, అది ఇంకో సౌకర్యం. మనిషి జన్యువును ఉన్నదున్నట్టు పెడితే ఏజీఏ, ఏజీజీ లాంటి కోడాన్ల దగ్గర, అంటే ఒక్కో అమైనో ఆమ్లాన్ని సూచించే మూడక్షరాల దగ్గర, బ్యాక్టీరియా తడబడుతుంది, ఎందుకంటే వాటికి తగిన అమైనో ఆమ్లాన్ని తెచ్చే టీఆర్‌ఎన్‌ఏ దాని దగ్గర బాగా తక్కువ. ఇప్పుడు జన్యువును బ్యాక్టీరియాకు అనుకూలంగా మార్చి సింథసిస్ చేయించుకుంటున్నాం కాబట్టి ఆ బాధ తగ్గింది.

అసలు బాధ తర్వాత మొదలవుతుంది. కల్చర్ ఎంత పెరిగిందో చెప్పే ఓడీ 0.6 దాటింది, ఐపీటీజీ వేశారు, 37 డిగ్రీల దగ్గరే ఉంచేశారు. మర్నాడు జెల్ చూస్తే లావుపాటి బ్యాండ్. అందరికీ సంతోషం. సోనికేషన్ చేసి సెంట్రిఫ్యూజ్ తిప్పితే ఆ బ్యాండ్ మొత్తం పెల్లెట్‌లో! పైన తేటలో ఏమీ లేదు. ఇది ఎంతమందికి అనుభవం? చేతులు ఎత్తండి. చూశారా, సగం హాలు.

ఎందుకలా జరుగుతుంది? ప్రోటీన్ గొలుసు రైబోజోమ్ నుంచి బయటికి వస్తూనే సరైన ఆకారంలోకి మడత పడాలి. తయారయ్యే వేగం మడత పడే వేగాన్ని మించిపోతే, సగం మడతపడ్డ గొలుసులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. వాటినే ఇన్‌క్లూజన్ బాడీలు అంటాం. పైగా ఇ. కోలి సైటోప్లాజంలో, ప్రోటీన్ ఆకారాన్ని పట్టి ఉంచే డైసల్ఫైడ్ బంధాలు నిలవవు, అక్కడి రసాయన వాతావరణం వాటిని తెంచేస్తుంది. మన రక్తంలో తిరిగే సైటోకైన్లు, అంటే కణాల మధ్య సంకేతాలు మోసే ప్రోటీన్లు, హార్మోన్లు చాలావాటికి ఆ బంధాలే ప్రాణం.

అప్పుడేం చేయాలి? ముందు తేలిక పనులు చేయండి. ఉష్ణోగ్రత 16, 18 డిగ్రీలకు దించి, ఐపీటీజీ తగ్గించి, రాత్రంతా నెమ్మదిగా చేయించండి. ఎంబీపీ, సుమో ప్రయత్నించండి. డైసల్ఫైడ్లు కావాలంటే షఫుల్ లాంటి ఇ. కోలి రకాలున్నాయి. అవేవీ కుదరకపోతేనే రీఫోల్డింగ్ జోలికి వెళ్లండి. అది చిక్కుపడ్డ నూలు కండెను పూర్తిగా విప్పి, మళ్లీ వరసగా చుట్టడం లాంటిది. 8 మోలార్ యూరియాతోనో 6 మోలార్ గ్వానిడీన్‌తోనో పూర్తిగా విప్పుతాం. తర్వాత మెల్లమెల్లగా పలచన చేస్తూ, గ్లూటాథయోన్ రెండు రూపాలనూ కలిపి పెట్టి, డైసల్ఫైడ్లు తప్పుగా పడితే తెగి మళ్లీ సరిగ్గా పడే అవకాశం ఇస్తాం. ఇక్కడ తొందర పనికిరాదు. ప్రోటీన్ గాఢత ఎక్కువైతే మళ్లీ మొదటికే వస్తుంది.

యూరియా గురించి ఒక మాట. పాత యూరియా ద్రావణం వాడొద్దు, వేడి చేయొద్దు. యూరియా నీళ్లలో ఉంటూ ఉంటే కొంచెం కొంచెం సయనేట్‌గా మారుతుంది. ఆ సయనేట్ మీ ప్రోటీన్‌లోని లైసిన్లను కార్బమైలేట్ చేస్తుంది. జెల్ మీద మీకు ఏ తేడా కనిపించదు. బ్యాండ్ అక్కడే ఉంటుంది, ప్రోటీన్ మాత్రం పనిచేయదు. ఆ రోజు చేసుకున్న యూరియా ఆ రోజే వాడాలి.

ఇక బ్యాక్టీరియాతో అసలు కాని పనులు. ఎరిత్రోపోయిటిన్, అంటే ఈపీఓ, సంగతి తీసుకోండి. ఎముక మజ్జలో ఎర్ర రక్తకణాలు తయారయ్యేలా చేసే హార్మోన్. 165 అమైనో ఆమ్లాలు. దాని బరువులో దాదాపు 40 శాతం చక్కెర గొలుసులే! మూడు చోట్ల ఆస్పరజిన్ మీద, ఒక చోట సెరీన్ మీద ఉంటాయి. ఇ. కోలికి ఈ చక్కెరలు తగిలించడం తెలియదు. చక్కెరలు లేని ఈపీఓను డిష్‌లోని కణాల మీద వేస్తే పనిచేస్తుంది. జంతువుకు ఇస్తే? చూస్తుండగానే రక్తంలోంచి మాయమవుతుంది. లేబుల్ మీద పేరు ఒకటే, అమైనో ఆమ్లాల వరస ఒకటే. కానీ ఒంట్లో దాని నడత వేరు. అందుకే 1989లో మందుగా వచ్చిన ఈపీఓను చైనీస్ హ్యామ్‌స్టర్ అండాశయ కణాల్లో, అదే మనం సీహెచ్‌ఓ అంటామే, వాటిలో చేశారు.

ల్యాబ్ అవసరాలకు హెచ్‌ఈకే 293 కణాలు ఎక్కువ వాడతాం. 1973లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఫ్రాంక్ గ్రహం తయారు చేసిన కణాలవి. ఆయన లెక్కపెట్టుకున్న ప్రయోగాల్లో 293వది కాబట్టి ఆ పేరొచ్చింది. మనిషి కణాలు కాబట్టి చక్కెరలు మనిషి తరహాలోనే పడతాయి. ఖర్చు ఎక్కువ, దిగుబడి తక్కువ, కంటామినేషన్ భయం రోజూ ఉంటుంది. అవసరం లేనిచోట దీని జోలికి వెళ్లొద్దు. ఎఫ్‌జీఎఫ్2 అనే వృద్ధి కారకానికి పనిచేయడానికి చక్కెరలు అక్కర్లేదు, ఇ. కోలిలో చక్కగా చేసుకోవచ్చు.

శుద్ధి చేయడం గురించి త్వరగా చెప్పేస్తాను, ఇది మీకు ప్రాక్టికల్స్‌లో ఉన్నదే. ప్రోటీన్‌కు తగిలించిన ఆరు హిస్టిడిన్ల తోక, దాన్ని పట్టుకునే నికెల్ కాలమ్, తక్కువ ఇమిడజోల్‌తో కడగడం, 250 మిల్లీమోలార్ దగ్గర బయటికి తీయడం. బఫర్‌లో ఈడీటీఏ ఉంటే అది నికెల్‌ను ఊడబెరికేస్తుంది. ఇమిడజోల్ వల్ల కూడా ప్రోటీన్‌ను కొలిచే 280 నానోమీటర్ల దగ్గర రీడింగ్ వస్తుంది, కాబట్టి బ్లాంక్ ఎల్యూషన్ బఫర్‌తోనే పెట్టాలి. ఇవి తెలిసినవే. తెలిసీ పట్టించుకోనిది ఇంకోటి ఉంది. ఎస్‌డీఎస్ పేజ్‌లో ఒకే బ్యాండ్ వస్తే పని అయిపోయిందనుకుంటాం. ఆ జెల్‌లో వాడే ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్ ప్రోటీన్‌ను విప్పేస్తుంది కదా? మరి అది మడతపడి ఉందా, గుంపులు కట్టి ఉందా అనేది ఆ జెల్ ఎలా చెబుతుంది? చెప్పలేదు. అందుకే అణువులను పరిమాణాన్ని బట్టి వేరు చేసే జెల్ ఫిల్ట్రేషన్ తప్పనిసరిగా చేయండి. కాలమ్‌లోంచి మొదట్లోనే, వాయిడ్ వాల్యూమ్ దగ్గరే బయటికొచ్చేస్తే అది గుంపు కట్టిన ప్రోటీన్. పైకి కరిగినట్టే ఉంటుంది, పనికి రాదు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలని వచ్చిన విషయం. ఫోన్లు పక్కన పెట్టి కాసేపు వినండి.

ఇ. కోలి బయటి పొరలో లిపోపాలీశాకరైడ్ ఉంటుంది, ఎల్‌పీఎస్. ఒక్కో కణం మీద లక్షల అణువులు. దీన్నే ఎండోటాక్సిన్ అంటాం. కణాన్ని పగలగొట్టగానే ఇదంతా మీ ప్రోటీన్‌తో కలిసిపోతుంది. నికెల్ కాలమ్ దాటి వస్తుంది. జెల్ మీద, కూమాసీ రంగులో, కనిపించనే కనిపించదు. ఎందుకు కనిపిస్తుంది, అది ప్రోటీన్ కాదుగా! ఇదే ఎల్‌పీఎస్‌ను మన మ్యాక్రోఫేజ్‌లు అనే రోగనిరోధక కణాలు మాత్రం మిల్లీలీటరుకు ఒక నానోగ్రాము కంటే తక్కువున్నా పసిగడతాయి. టీఎల్ఆర్4 అనే గ్రాహకం ఉన్నది ఆ పనికే. వెంటనే టీఎన్ఎఫ్ ఆల్ఫా అనే సైటోకైన్ వదులుతాయి.

దీనివల్ల ఏం జరిగిందో చెబుతాను. 1990ల చివర్లో, 2000 తర్వాత మొదటి సంవత్సరాల్లో, హీట్ షాక్ ప్రోటీన్లు, అంటే హెచ్‌ఎస్‌పీ60, హెచ్‌ఎస్‌పీ70, రోగనిరోధక కణాలను ఉత్తేజపరుస్తాయని పేపర్ తర్వాత పేపర్ వచ్చింది. కణంలోపల చాపరోన్లుగా, అంటే మిగతా ప్రోటీన్లు మడతపడటానికి తోడ్పడుతూ, ఉండే ప్రోటీన్లు బయటికొస్తే ప్రమాద సంకేతాలుగా పనిచేస్తాయని, సైటోకైన్లలా ప్రవర్తిస్తాయని. అందమైన ఆలోచన. ప్రయోగాల్లో ఎక్కువగా వాడింది ఇ. కోలిలో చేసిన రీకాంబినెంట్ మానవ హెచ్‌ఎస్‌పీ. 2003లో బావోచోంగ్ గావో, మిన్-ఫు త్సాన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక సూటి ప్రశ్న వేశారు. ఎల్‌పీఎస్ దాదాపు లేకుండా శుద్ధి చేసిన హెచ్‌ఎస్‌పీ70 ఇస్తే ఏమవుతుంది? మ్యాక్రోఫేజ్‌లు టీఎన్ఎఫ్ వదల్లేదు. మామూలుగా మార్కెట్‌లో దొరికే దాన్ని ఇస్తే వదిలాయి. ఆ ట్యూబులో ఉన్నంత ఎల్‌పీఎస్‌ను మాత్రమే విడిగా ఇస్తే? దాదాపు అంతే టీఎన్ఎఫ్. హెచ్‌ఎస్‌పీ60 విషయంలోనూ ఇలాంటి ఫలితమే.

మరి ముందు చేసినవాళ్లు కంట్రోల్ పెట్టుకోలేదా అంటారా? పెట్టుకున్నారు. ఈ పాఠం అందుకే ముఖ్యం. ప్రోటీన్‌ను మరగబెడితే పాడవుతుంది, ఎల్‌పీఎస్ వేడిని తట్టుకుంటుంది, కాబట్టి మరగబెట్టాక ప్రభావం పోతే అది ప్రోటీన్ వల్లే అన్నట్టు, ఇదీ వాళ్ల తర్కం. వినడానికి ఎంత బాగుంది! కానీ అంత తక్కువ మోతాదులో ఉన్న ఎల్‌పీఎస్ కూడా మరగబెడితే పని తగ్గిపోతుందని గావో, త్సాన్ చూపించారు. మంచి కంట్రోల్ అనుకున్నదే తప్పుదారి పట్టించింది. ఎన్ని ల్యాబ్‌లు, ఎన్ని థీసిస్‌లు, ఎంతమంది విద్యార్థుల సంవత్సరాలు! నాకు ఇది తలచుకుంటే బాధగానే ఉంటుంది. వాళ్లెవరూ అజాగ్రత్త మనుషులు కారు.

అందుకని మీ ప్రోటీన్‌ను రోగనిరోధక కణాల మీద వేసే ముందు ఎండోటాక్సిన్ కొలవండి. గుర్రపునాడా పీత రక్తం నుంచి చేసే లాల్ పరీక్ష ఉంది. ఇప్పుడు ఆ పీత రక్తంలోని ఫ్యాక్టర్ సి కూడా రీకాంబినెంట్‌గా దొరుకుతోంది. ఎక్కువ ఉంటే తీసేయండి. ట్రైటాన్ ఎక్స్-114 అని డిటర్జెంట్ ఉంది. ఐస్ మీద కలిసిపోతుంది, 22 డిగ్రీలు దాటి వెచ్చబడితే రెండు పొరలుగా విడిపోతుంది, ఎల్‌పీఎస్ కింది పొరలోకి పోతుంది. పాలిమిక్సిన్ బి కాలమ్ ఇంకో దారి. ఇంకో సంగతి గట్టిగా గుర్తుంచుకోండి, ఆటోక్లేవ్ చేస్తే ఎండోటాక్సిన్ పూర్తిగా పోదు. బ్యాక్టీరియా చస్తుంది, దాని ఎల్‌పీఎస్ చాలావరకు అలాగే ఉంటుంది. గాజు సామాను అయితే 250 డిగ్రీల పొడి వేడిలో అరగంట ఉంచాలి. ప్రయోగంలో ఖాళీ వెక్టర్ ఉన్న బ్యాక్టీరియా నుంచి అదే పద్ధతిలో తీసిన ద్రవాన్ని కూడా ఒక కంట్రోల్‌గా పెట్టండి. అది పెట్టని డేటా నా దగ్గరికి తెస్తే నేను మొదట అడిగేది దాని గురించే.

ఇక ట్యూబు మీ చేతికొచ్చాక. పొడి రూపంలో వచ్చిందనుకోండి, మూత తీయకముందే ఒకసారి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి. ఆ కాస్త పొడి మూతకు అంటుకుని ఉండవచ్చు, మూత తీయగానే గాల్లో కలిసిపోతుంది. దేనిలో కరిగించాలో కాగితం చదవండి. అన్నీ పీబీఎస్ అనే ఉప్పు బఫర్‌లో కరిగించేవి కావు. టీజీఎఫ్ బీటా 1 అనే సైటోకైన్ ఉంది, దాన్ని 4 మిల్లీమోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగిస్తారు. మామూలు పీహెచ్ దగ్గర అది ప్లాస్టిక్‌కు అతుక్కుపోతుంది. మీరు కణాల మీద వేశామనుకుంటారు, అది ట్యూబు గోడకే ఉండిపోతుంది. నానోగ్రాముల్లో పలచన చేసినప్పుడు చాలా ప్రోటీన్లది ఇదే కథ. అందుకే బీఎస్ఏ, అంటే ఆవు రక్తంలోని అల్బుమిన్ ప్రోటీన్, కలుపుతాం, గోడల్ని ముందే అది ఆక్రమించుకుంటుంది. అయితే మీరు ఎలైజా ప్లేటు కోట్ చేయాలన్నా, ప్రోటీన్‌కు రంగు తగిలించాలన్నా బీఎస్ఏ లేనిదే కొనాలి. లేకపోతే రంగంతా బీఎస్ఏకే అంటుకుంటుంది.

వోర్టెక్స్ చేయొద్దు. నురగ వచ్చిందంటే గాలికీ నీటికీ మధ్య ప్రోటీన్ విచ్చుకుంటోందని అర్థం. వేలితో మెల్లగా తట్టండి, కాసేపు వదిలేయండి, అదే కరుగుతుంది. కరిగాక వెంటనే చిన్న చిన్న భాగాలు చేసి మైనస్ 80లో పెట్టండి. ఒక భాగం ఒకసారికే. తీసి, కరిగించి, మిగిలింది మళ్లీ గడ్డకట్టించడం వద్దే వద్దు. ఇంట్లో ఫ్రిజ్ లాగా మంచు దానంతటదే కరిగే ఫ్రీజర్లు ఉంటాయి చూడండి, అవి మంచు పట్టకుండా ఉండటానికి మధ్యమధ్యలో వెచ్చబడతాయి. ప్రోటీన్‌కు అవి పనికిరావు.

గడ్డకట్టేటప్పుడు బఫర్ కూడా మారుతుందని మీకు తెలుసా? సోడియం ఫాస్ఫేట్ బఫర్‌ను ఫ్రీజర్‌లో పెడితే అందులో డైసోడియం ఫాస్ఫేట్ ముందు స్ఫటికాలు కడుతుంది. అప్పటికి ఇంకా గడ్డకట్టని భాగంలో పీహెచ్ బాగా పడిపోతుంది, 7 నుంచి 4 దాకా కూడా పోవచ్చు. ఆమ్లం పడని ప్రోటీన్ అక్కడే చెడిపోతుంది. ట్రిస్, హిస్టిడిన్ బఫర్లలో ఈ బెడద ఇంతగా ఉండదు.

సరే, ప్రశ్నలుంటే అడగండి. అడగమ్మా, నువ్వే, కిటికీ పక్కన.

ఆ అమ్మాయి మంచి ప్రశ్న అడిగింది, మైకు లేదు కాబట్టి నేను మళ్లీ చెబుతాను. ల్యాబ్‌లో సీనియర్లు వదిలి వెళ్లిన పాత ట్యూబులుంటాయి, గడువు దాటినవి, ఎన్నిసార్లు కరిగించారో తెలియనివి. కొత్తవి కొనడానికి గ్రాంటు డబ్బు లేదు. పారేయాలా, వాడొచ్చా అని.

పరీక్షించకుండా పారేయొద్దు, పరీక్షించకుండా వాడొద్దు. ముందు బాగా వేగంగా సెంట్రిఫ్యూజ్ తిప్పి అడుగున ఏమన్నా పేరుకుందేమో చూడు. తేటలో ప్రోటీన్ ఎంతుందో కొలువు. కాంతితో అణువుల పరిమాణం కొలిచే డీఎల్ఎస్ యంత్రం అందుబాటులో ఉంటే గుంపులు కట్టాయో లేదో పది నిమిషాల్లో తేలుతుంది. ఆ తర్వాత కణాల మీద వేరువేరు మోతాదుల్లో వేసి కర్వ్ గీయి, ఒక్క మోతాదు చాలదు. పక్క ల్యాబ్‌లో మంచి ట్యూబు ఉంటే కొంచెం అడిగి తెచ్చుకుని పక్కన పెట్టి పోల్చు. రెండు కర్వ్‌లు ఒకదాని మీద ఒకటి పడితే వాడుకో. పాతదాని కర్వ్ కుడివైపు జరిగితే, అంటే అదే పని చేయడానికి ఎక్కువ మోతాదు అవసరమైతే, అందులో చెడిపోయిన ప్రోటీన్ కలిసి ఉన్నట్టు. అలాంటప్పుడు మోతాదు పెంచి సరిపెట్టుకోవద్దు, ఎందుకంటే చెడిపోయిన భాగం ఊరికే ఉంటుందన్న నమ్మకం లేదు, గ్రాహకాన్ని అడ్డుకోవచ్చు కూడా. ఏం చేసినా ట్యూబు మీది లాట్ నంబరు నోట్‌బుక్‌లో రాసుకో. ఆరు నెలల తర్వాత ఫలితం మారితే మొదట వెతకాల్సింది అదే. ఇంకెవరన్నా అడుగుతారా?